పగలకముందు ఎంత, పగిలాక ఎంత

పాత పూలజాడీకి వెల కట్టమని నన్ను పిలిచేవాళ్ళు ముందు జాడీ చూపించరు, కథ చెబుతారు. తాతగారికి ఎవరో పెద్దమనిషి చేతులారా ఇచ్చాడంటారు. ఓడ మునిగిపోతుంటే ఇదొక్కటే చంకన పెట్టుకుని ఒడ్డుకు చేరామంటారు. నేను విన్న కథలన్నీ నిజమైతే మునిగిన ఓడల్లోంచి మనుషులకంటే పూలజాడీలే ఎక్కువ బతికి బయటపడి ఉండాలి. అన్నీ వింటాను. విన్నాక జాడీని బోర్లించి అడుగు చూస్తాను. అప్పుడు కథ చెప్పినవాళ్ళ ముఖం చూడబుద్ధి కాదు.

నేను చూసేది స్టోన్‌వేర్. దాన్ని పింగాణీ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మట్టిని రాయంత గట్టిపడేదాకా బట్టీలో కాలిస్తే వచ్చేది ఇది. మందంగా, బరువుగా ఉంటుంది, నీళ్ళు పీల్చదు. పైన గాజులా మెరిసే పూతని గ్లేజు అంటాం. ఆ గ్లేజు తగలని అడుగుభాగానికి నాలుక ఆనిస్తే సంగతి తెలిసిపోతుంది. మామూలు మట్టయితే నాలుకకి అతుక్కుంటుంది, స్టోన్‌వేర్ అతుక్కోదు. నేను పదిమందిలో జాడీ అడుగుని నాకితే సగంమందికి నామీద ఉన్న గౌరవం అక్కడే పోతుంది. పోతే పోనీ. వాళ్ళ గౌరవంతో నేనేం చేసుకోను?

ఆ ఇంటి కొడుకు ఫోన్ చేసి, ఇంట్లో సామానుకి ఇన్సూరెన్సు చేయిస్తున్నామనీ, పాత జాడీలకి వెల కట్టిన కాగితం ఒకటి కావాలనీ అడిగాడు.

"మా అమ్మగారివండి. చాలా అపురూపమైనవి."

"అపురూపమో కాదో చూశాక చెబుతాను."

"అందులో ఒకటి కొంచెం పగిలింది. దాని గురించి అమ్మ మీతో విడిగా మాట్లాడుతుందట," అని గొంతు తగ్గించాడు.

తల్లి పక్కనే కూర్చుని ఉందని అర్థమైంది. నెరిసిన తలలు తల్లి పక్కన గొంతు తగ్గించడం నాకు బాగా అలవాటైన చప్పుడే.

వెళ్ళాను. హాల్లో పట్టపగలే లైటు వెలుగుతోంది, కిటికీలకి మందపాటి తెరలు దించి ఉన్నాయి. ఎండ తగిలితే జాడీల రంగు వెలిసిపోతుందట. రాళ్ళు కరిగే మంటలో కాలి వచ్చినదానికి కిటికీలోంచి వచ్చే ఎండ ఒక లెక్కా? ఏళ్ల తరబడి ఈ ఇంట్లో మనుషులు మట్టిముద్దల కోసం చీకట్లో కూర్చున్నారన్నమాట. గోడ పొడవునా ఓ పొట్టి చెక్క అల్మరా, దానిమీద నాలుగు జాడీలు, అల్మరాకి మోచెయ్యి ఆనేంత దగ్గరగా వీపు ఎత్తున్న కుర్చీ, కుర్చీలో పెద్దావిడ. చేతికర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని ఉంది. ఎవరైనా వచ్చి ఎత్తుకుపోతారేమోనని కాబోలు.

"నువ్వేనా వచ్చింది? మగవాళ్ళెవరూ లేరా మీ ఆఫీసులో?" అంది.

"ఉన్నారు. వాళ్ళకి పని ఎక్కువ, తెలిసింది తక్కువ," అన్నాను.

ఆవిడ మూతి ముడుచుకుంది. మా ఇద్దరి సంబంధం అలా మొదలైంది.

టీ వచ్చింది. ట్రే కొడుకు మోసుకొచ్చాడు. వెనకాలే కోడలు, అంటే అతని భార్య, చేతులు రెండూ ముందు కట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పరవాలేదే, ఈ ఇంట్లో మగవాడు ట్రే పడుతున్నాడే అని సంతోషించబోయాను. పెద్దావిడ ఆ అవకాశం ఇవ్వలేదు.

"మా కోడలి చేతికి గాజూ పింగాణీ ఇవ్వం. టీ పెట్టడం వరకే దాని పని. తేవడం మావాడు తెస్తాడు."

కోడలు నవ్వింది. ఎవరో తన గురించి చెప్పిన జోకుకి తనే ముందు నవ్వేసే మనుషులుంటారే, ఆ నవ్వు. ట్రేలోంచి ఆవిడ అందుకున్నది స్టీలు గ్లాసు. మా అందరికీ కప్పులు, ఆవిడకి స్టీలు గ్లాసు. జుట్టు ముప్పాతిక నెరిసిన మనిషి. లోపలి గదిలో ఆవిడ కూతురు, నెల నిండని పాపతో ఉందని మాటల్లో తెలిసింది. అంటే ఈ మనిషి అమ్మమ్మ కూడా అయింది. అయినా కప్పు ఇవ్వరు.

నేను చిన్న జాడీలతో మొదలుపెట్టాను. మొదటిదానికి రెండువైపులా నిలువునా సన్నటి గీత తగిలింది.

"ఇది అచ్చులో పోసింది. దీని కవలలు ఊరంతా ఉంటారు."

రెండోదాని అడుగు గోధుమరంగులో ఉంది. వాసన చూసి, తడిగుడ్డతో తుడిచాను. గుడ్డకి రంగు వచ్చింది.

"టీ నీళ్ళతో రుద్ది వయసు పెంచారు. మీకు అమ్మినవాడు కష్టజీవి."

మూడోదాన్ని బోర్లించగానే నాకు నవ్వు ఆగలేదు. అడుగున గుండ్రటి కన్నం, అందులోకి కూడా గ్లేజు దిగి ఉంది. ఎవరో తర్వాత తొలిచింది కాదు, తయారీలోనే పెట్టింది.

"ఇది పూలజాడీ కాదండి. టేబుల్ ల్యాంపు కింది భాగం. కన్నం వైరు కోసం."

"అందుకేనా అమ్మా, పూలు పెట్టినప్పుడల్లా బల్ల తడిసిపోయేది?" అన్నాడు కొడుకు.

తల్లి ఒక్క చూపు చూసింది. కుక్కిన పేనులా కూర్చున్నాడు. బయట ఆఫీసులో ఇతని కింద బోలెడుమంది పనిచేస్తారని ఫోన్లో రెండుసార్లు చెప్పాడు. ఆ బోలెడుమందిని ఒకసారి ఇక్కడికి తీసుకొచ్చి చూపించాలనిపించింది.

నాలుగోది మిగిలింది. నిజం చెప్పాలంటే అది మంచి జాడీ. మూరెడు ఎత్తు, బూడిదరంగు ఒళ్ళు, భుజాల చుట్టూ ఉబ్బెత్తుగా అల్లుకున్న తీగ, తీగ మీదనుంచి కిందికి జారిన నీలం. మంచి వస్తువు కనిపిస్తే నాకు ముందు కోపం వస్తుంది. ఎందుకంటే అవెప్పుడూ తగని కొంపల్లోనే ఉంటాయి.

"వెనక్కి తిప్పి చూడు," అంది పెద్దావిడ.

తిప్పాను. గోడవైపు ఉన్న భాగంలో తీగ మీద పొడుగు తోక పిట్ట ఒకటి వాలి ఉంది. ఎవరో చేత్తో, తీరిగ్గా, ఇష్టపడి చేసిన పిట్ట. జాడీ మొత్తానికి అదే ప్రాణం. దాని తోక కిందనుంచి అడుగుదాకా జానెడు పగులు.

"చూశావుగా. అది మా కోడలి నిర్వాకం," అని మొదలుపెట్టింది. "కాపురానికొచ్చిన కొత్త. లోపలున్న మనవరాలు అప్పుడు దీని కడుపులో ఉంది. ఇల్లు దులుపుతానని చీపురు పట్టి దీన్ని పగలగొట్టింది. కొట్టినదానివి చెప్పొచ్చుగా? చెప్పలేదు. మర్నాడు చుట్టాలొచ్చారు. వాళ్ళే చూశారు, ఇదేంటండీ పగిలిందీ అని. నా తల కొట్టేసినట్టయింది. అంతకుముందు వేలితో కొడితే గంటలా మోగేది ఇది. ఖంగుమని. వీధిదాకా వినబడేది."

ఈ కథ ఆ గోడలన్నీ కంఠతా పట్టి ఉంటాయి. కొడుకు ఫోన్ చూసుకుంటున్నాడు. కోడలు ఎప్పుడు తల దించాలో అక్కడ దించింది, ఎప్పుడు నవ్వాలో అక్కడ నవ్వింది.

"సరే, నన్నేం చేయమంటారు?"

"కాగితం మీద రెండు అంకెలు రాయి. పగలకముందు ఎంత, పగిలాక ఎంత. తేడా ఎంతో కూడా విడిగా రాసి సంతకం పెట్టు. రేపు నేను పోయినా ఈ ఇంట్లో అది తెలియాలి."

చాలాకాలంగా ఈ పనిలో ఉన్నాను. అన్నదమ్ములు జాడీ కోసం జుట్లు పట్టుకోవడం చూశాను. చచ్చిపోయిన మొగుడి అస్థికలు పారబోసి ఆ జాడీనే అమ్మకానికి తెచ్చిన మహాతల్లిని చూశాను. కానీ కోడలు చేసిన తప్పుకి వెల కట్టి, తను పోయాక కూడా చలామణీలో ఉండాలని కోరుకున్న మనిషిని చూడలేదు. నాకు అసహ్యం వేసింది. అసహ్యం వేసినప్పుడు నేను మర్యాదగా మాట్లాడతాను.

"తప్పకుండా రాస్తానండి," అన్నాను.

అప్పుడే లోపల పాప ఏడుపు అందుకుంది. "ఎవరైనా వచ్చి కాసేపు ఎత్తుకోండి, నేను లేవలేకపోతున్నా," అని మనవరాలి గొంతు వినిపించింది. కోడలు గ్లాసు కింద పెట్టి గబగబా గదివైపు కదిలింది.

"నువ్వాగు," అంది పెద్దావిడ. "నీ చేతులకి నేను పసిపిల్లని ఇవ్వను. దాని తల్లికే స్నానం పోయనివ్వలేదు నిన్ను, దీన్ని ఇస్తానా?"

కోడలు ఆగిపోయింది. చేతికర్ర లేనిదే నిలబడలేని మనిషి, నిలబడితే వేళ్ళు వణికే మనిషి, కొడుకు భుజం పట్టుకుని పాపని ఎత్తుకోవడానికి బయల్దేరింది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. ఏడుపు తగ్గకపోగా పెరిగింది. కోడలు గుమ్మం ఇవతలే నిలబడి, ఖాళీ చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది.

"పాపని ఎత్తుకోలేదా మీరు ఇంతవరకూ?" అని అడిగాను.

"ఆసుపత్రిలో నర్సమ్మ ఒకసారి ఇచ్చిందండి. అత్తయ్య చూసి తీసేసుకున్నారు." మళ్ళీ ఆ నవ్వు. "అమ్మాయి కూడా అంటుంది, అమ్మ చేతికి ఏదీ ఇవ్వకండి అని. సరదాకే లెండి. నేను కూడా ధైర్యం చేయను. జారుతుందేమోనని భయం."

"ఎప్పుడూ ఇంతేనా మీ చేతులు?"

"పెళ్ళికాకముందు ల్యాబులో రక్తం తీసేదాన్నండి. చంటిపిల్లల్ని నా దగ్గరికే పంపేవాళ్ళు. నరం ఒక్క పోటుకే దొరికేది నాకు." తన చేతుల్ని తనే చూసుకుంది, ఎవరివో చూసినట్టు. "ఇది పగిలాక మళ్ళీ వెళ్దామనుకున్నా. సూది పట్టుకుంటే వణికింది. ఇక మానేశాను."

నేను టార్చి వేసి, భూతద్దం పగులు మీద పెట్టాను.

"నిజంగా మీరే పగలగొట్టారా?"

"అవునండి. చీపురు కర్ర తగిలింది. టక్కుమని చప్పుడైంది. ఇప్పటికీ నా చెవిలో ఉంది."

"పగులు అప్పుడే చూశారా?"

"లేదండి. భయమేసింది. గబగబా తుడిచి పెట్టేశాను. మర్నాడు చుట్టాలు చూస్తేనే తెలిసింది."

"తుడిచాక ఎటు తిప్పి పెట్టారు?"

ఆవిడ కాస్త ఆలోచించింది. "పిట్ట బయటికి కనబడేట్టు పెట్టాను. అంతకుముందు పిట్ట గోడవైపే ఉండేది. అంత మంచి పిట్టని గోడకెందుకు తిప్పారో అనుకున్నా."

కాల్చి తీసిన వస్తువు దెబ్బ తగిలి పగిలితే అంచులు కత్తిలా ఉంటాయి, లోపల గ్లేజు లేని మట్టిరంగు కనిపిస్తుంది, ఏళ్ళు గడిస్తే అందులో మురికి చేరుతుంది. ఈ పగులు అంచులు నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. లోపల నీలం గ్లేజు కరిగి పారి, గడ్డకట్టి ఉంది. గ్లేజు కరగడమనేది బట్టీలో తప్ప ఇంకెక్కడా జరగదు. చీపురు కర్రలకి అంత వేడి లేదు. ఆ పగులు జాడీతోపాటే పుట్టింది.

నాకు సగం సంగతి తెలిసిపోయింది. కానీ కోడలికి చెప్పలేదు. ఒంటరిగా ఆవిడకి చెబితే ఆవిడ దాన్ని కూడా నవ్వేసి ఊరుకుంటుంది. మిగతా సగం జాడీ అడుగున ఉంటుంది. వంచి చూశాను. అడుగు కనబడలేదు. అడుగంతా కప్పేస్తూ దళసరి ఉన్నిలా ఉండే ఆకుపచ్చ ఫెల్టు గుడ్డ అతికించి ఉంది.

పెద్దావిడ కొడుకు భుజం పట్టుకునే తిరిగొచ్చింది, ఆయాసపడుతూ. పాప లోపల ఇంకా గీపెడుతూనే ఉంది. నేను వేలితో జాడీని కొట్టాను. చెక్కపెట్టె మీద కొట్టినట్టు మొద్దుగా మోగింది.

"గంటలా మోగేదన్నారు కదూ?"

"పగలకముందు," అంది.

"ఈ ఫెల్టు తీయాలి."

ఆవిడ చేతికర్ర నేలకి ఆనించింది. "అక్కర్లేదు. బల్ల మీద గీతలు పడకుండా పెట్టాను. అది తీస్తే జిగురు ఊడి అడుగు పాడవుతుంది."

"మిగతా మూడింటికి లేదే? వాటి కింద బల్ల గీసుకుపోదా?"

"అది బరువు."

"అడుగున కంపెనీ ముద్ర ఉంటుంది. అది చూడకుండా పగలకముందు ఎంతో నేను రాయలేను. మీరడిగిన తేడా కూడా రాయలేను."

ఆవిడ ఇరుక్కుంది. తేడా కావాలి, ఫెల్టు తీయకూడదు. కొడుకు తన జీవితంలో మొదటిసారి కాబోలు పనికొచ్చే మాట అన్నాడు.

"తీయనీ అమ్మా. కాగితం లేకపోతే ఇన్సూరెన్సు వాళ్ళు ఒప్పుకోరు."

"నేను పీకుతుంటే ఎవరైనా దీన్ని బోర్లించి గట్టిగా పట్టుకోవాలి," అన్నాను. కొడుకు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఫోన్ ఉన్న చేతిని చూపించాడు, ఫోన్ పట్టుకున్నవాళ్ళకి చేతులుండవన్నట్టు.

"మీరు రండి," అన్నాను కోడలితో.

"నేనా? వద్దండి."

"దాని చేతికా?" అని పెద్దావిడ లేవబోయింది.

"ఎలాగూ పగలగొట్టింది ఈవిడేగా. కొత్తగా పాడయ్యేదేముంది?" అన్నాను. "రండి. ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి పొట్ట కింద. బరువు మీ ఒంటికి ఆనించుకోండి."

ఆవిడ వచ్చింది. ముఖం పాలిపోయింది. కొంగులోంచి చేతులు తీసి జాడీ పట్టుకుంది. మొదట వణికాయి. నేను ఫెల్టు అంచు కింద పలచటి కత్తి దూర్చి లాగడం మొదలుపెట్టాక ఆ వణుకు ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. నేను లాగినప్పుడు ఎటు బలం పడుతుందో ముందే కనిపెట్టి అటు ఆనుకునేది. జాడీ వెంట్రుకవాసి కదల్లేదు. నాతో పనిచేసే మగవాళ్ళు ఇలా పట్టుకోరు, వాళ్ళకి పని ఎక్కువ.

పాత జిగురు పొడిపొడిగా రాలింది. ఫెల్టు ఊడొచ్చింది.

గ్లేజు లేని బూడిదరంగు అడుగు, మధ్యలో గుండ్రటి ముద్ర. ముద్రకి అడ్డంగా ఈ చివరినుంచి ఆ చివరికి లోతుగా గీసిన గీత. అలవాటు కొద్దీ నాలుక ఆనించి చూశాను, అతుక్కోలేదు. అందరికీ కనబడేలా టార్చి వేశాను.

"ఈ గీత ఏంటో తెలుసా?" అన్నాను. "బట్టీలోంచి తీసినప్పుడు లోపం ఉన్న సరుకుని పక్కన పెట్టి, ముద్ర మీద ఇలా గీత గీస్తారు. సెకండ్స్ అంటారు. మంచి సరుకుతో కలపకుండా, గుమ్మం దగ్గర రాశి పోసి చవగ్గా అమ్ముతారు. కొనేవాళ్ళకి లోపం చూపించే అమ్ముతారు. దీని లోపం ఈ పగులు. బట్టీలో పడింది. గ్లేజు పగులు లోపలికి కరిగి పారింది, కావాలంటే భూతద్దం ఇస్తాను. ఈ జాడీ ఈ ఇంటికి పగిలే వచ్చింది."

పాప ఏడుపు ఆగింది. లోపలి గది గుమ్మంలో మనవరాలు పాపని భుజానేసుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"అయితే ఆ కొట్టువాడు మోసం చేసి ఉంటాడు," అంది పెద్దావిడ. "నాకేం తెలుసు? అడుగు ఎవరు చూస్తారు?"

"ఫెల్టు ఎవరు అతికించారు?"

"ఏమో. కొన్నప్పుడే ఉందేమో."

"లేదమ్మా," అన్నాడు కొడుకు, సాయం చేస్తున్నాననుకుని. "నువ్వే అతికించావు. పాత పెట్టె అడుగున ఉన్న గుడ్డ నేనే కదా కత్తిరించి ఇచ్చింది? కొనుక్కొచ్చిన రోజే. నాకు బాగా గుర్తు, అప్పటికి నా పెళ్ళి కూడా..."

అక్కడ ఆగాడు. తను ఏం చెప్పాడో తనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అంతమందికి అధికారి మరి. నెమ్మదిగా తల్లివైపు తిరిగాడు. ఆవిడ తేలు కుట్టిన దొంగలా చేతికర్ర పిడి నిమురుతోంది.

"అమ్మా, నీకు తెలుసా?"

ఆవిడ అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందనీ అనుకున్నాను. రెండూ చేయలేదు. విసుగ్గా, చిన్న విషయానికి ఇంత రభసా అన్నట్టు చెప్పింది.

"సెకండ్స్‌లో కొన్నానని ఎలా చెప్పుకోను? పిట్ట బాగుందని మనసుపడి కొన్నాను. గోడవైపు పెట్టుకున్నాను. ఈ కోడలు వచ్చి ముందుకి తిప్పింది. చుట్టాలు నలుగురూ అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలిగా?"

"తర్వాతైనా చెప్పొచ్చుగా?"

"తర్వాత ఎవరూ అడగలేదు," అంది.

ఒక మనిషి చేతుల్ని నరికి అల్మరాలో పెట్టుకోవడానికి ఆవిడకి పగ కూడా అవసరం కాలేదు. ఎవరూ అడక్కపోవడమే సరిపోయింది.

కోడలు ఇంకా జాడీ పట్టుకునే ఉంది. దాన్ని నేలకేసి కొడుతుందని నేను కాస్త ఆశపడ్డాను, నా బుద్ధి అలాంటిది. ఆవిడ కొట్టలేదు. మెల్లగా నిలువుగా తిప్పి, అల్మరా దగ్గరికి నడిచి, దాని చోట దాన్ని పెట్టింది. పిట్ట బయటికి కనబడేట్టు, పగులుతో సహా, గదివైపు తిప్పి పెట్టింది. తర్వాత లోపలికెళ్ళింది. కుళాయి చప్పుడు వినిపించింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి కూతురి ఎదురుగా నిలబడింది.

ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళున్నాయి. "అమ్మా, నేను సరదాకి..." అంది.

"ఇలా ఇవ్వు," అంది కోడలు.

"మెడ కింద చెయ్యి పెట్టు, మెడ కింద," అంది పెద్దావిడ కుర్చీలోంచి, అలవాటుగా.

కోడలు ఆవిడవైపు తిరగలేదు. పాపని అందుకుంది. ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి నడుం కింద, బరువు ఒంటికి ఆనించుకుని. పాప ఒకసారి ముఖం మాడ్చి, ఆవిడ మెడ మడతలో ముక్కు దూర్చి ఊరుకుంది.

నేను బల్ల దగ్గర కూర్చుని కాగితం రాశాను. అచ్చుజాడీ ఒకటి, టీ నీళ్ళ జాడీ ఒకటి, ల్యాంపు ముక్క ఒకటి. నాలుగోదాని దగ్గర పెద్దావిడకి వినబడేలా పైకి చదువుతూ రాశాను.

"పగలకముందు ఎంత, పగిలాక ఎంత అని అడిగారు. బట్టీలో పగిలిన సెకండ్స్ సరుకు. రెండూ ఒకటే. తేడా ఏమీ లేదు."

సంతకం పెట్టి కొడుకు చేతికిచ్చాను. అతను రెండు చేతులతో తీసుకున్నాడు, ఫోన్ ఎక్కడో పెట్టేసినట్టున్నాడు. పెద్దావిడ నావైపు చూడకుండా, "కిటికీ తెర సరిగ్గా లాగండ్రా, ఎండ పడుతోంది," అంది. ఎవరూ లేవలేదు.

కోడలు నన్ను సాగనంపడానికి పాపతోనే మెట్లదాకా వచ్చింది. థాంక్స్ చెబుతుందేమోనని ముందే ముఖం గంటు పెట్టుకున్నాను. నాకు థాంక్స్ చెప్పేవాళ్ళంటే కూడా చిరాకు. ఆవిడ చెప్పలేదు. పాప వీపు మీద తడుతూ అడిగింది.

"చీపురు తగిలినా పగిలినట్టు కాదన్నమాట."

"తగిలిందో లేదో కూడా నాకు తెలియదండి. అక్కడ దెబ్బ తగిలిన గుర్తు ఏదీ లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. పగిలిన చప్పుడు మీరు వినలేదు. అది బట్టీలో పగిలింది. వినడానికి అక్కడ మీరు లేరు."

"లేదండి, విన్నాను," అంది నిదానంగా. మొదటిసారి నవ్వకుండా మాట్లాడింది. "రోజూ వింటాను. ఇందాక మీరు గీత చూపించినప్పుడు కూడా వినిపించింది. టక్కుమని. జరగనిదైతే మరి నేను విన్నదేంటండీ? దాన్నిప్పుడు ఎక్కడ పెట్టుకోను?"

ఏ జాడీ గురించైనా ఏం అడిగినా నా దగ్గర జవాబుంటుంది. ఆవిడ అడిగింది జాడీ గురించి కాదు. అలవాటు కొద్దీ భూతద్దం కోసం చేతిసంచిలో చెయ్యి పెట్టి, మళ్ళీ తీసేసి, సంచి భుజానికి తగిలించుకున్నాను.

పాప నిద్రపోయింది. ఆవిడ దాన్ని ఇంకో భుజం మీదికి మార్చుకుని, ఒంటిచేత్తో తలుపు దగ్గరగా వేసింది.